పది రూపాయల డిస్కులు, తొంభై నిమిషాల నేరాలు

నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలోని ఒక సందులో చాలాకాలం సీడీలు అద్దెకిచ్చిన దుకాణం నిరుడు ఆషాఢంలో మూతపడింది. దేవుని పాటలు, పాత పౌరాణికాలు, పిల్లల బొమ్మల సినిమాలు మొదటి వారంలోనే అమ్ముడుపోగా, చివరికి ఒక అట్టపెట్టె నిండా మిగిలినవి డైరెక్ట్-టు-వీడియో రకం ఇంగ్లీషు క్రైం థ్రిల్లర్లు. "సార్, గీ మర్డర్ల పెట్టెను ఎవ్వలు ముడుతలేరు. మీరైతే కోర్టుల పనిజేసిన్రు, మీకు అక్కరకొస్తయి. డిస్కుకు పది రూపాయలియ్యిండ్రి, పెట్టె ఊకెనే ఇస్త" అన్నాడు దుకాణదారు. లెక్కపెడితే 46 డిస్కులు తేలాయి. బేరమాడి 400 రూపాయలకు పెట్టెను రిక్షాలో వేయించుకుని ఇంటికి తెచ్చాను. ఈ సమీక్ష ఆ పెట్టె గురించి. అందులోని ఒక్కొక్క సినిమాను విడివిడిగా సమీక్షించబోవడం లేదు, ఎందుకంటే వాటిలో సగం పేర్లు చూసిన మరునాటికే నాకు గుర్తులేవు. ఒక సరుకుగా, డబ్బిచ్చి కొన్న వస్తువుగా ఈ రకం సినిమాలు ఎంతవరకు గిట్టుబాటవుతాయో చెప్పడమే నా ఉద్దేశం.

ముందు లెక్క చెబుతాను. 46 డిస్కుల్లో ఉన్నవి 29 సినిమాలు. వాటిలో 17 వీసీడీలు, ఒక్కొక్కటి రెండేసి డిస్కులది. మిగిలిన 12 డీవీడీలు. నాలుగు సినిమాలు గీతలు పడి అసలు తిరగలేదు. ఒకదాని రెండో డిస్కు ఉండవలసిన చోట హనుమాన్ చాలీసా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. మిగిలిన 24 సినిమాలను ఆషాఢ శ్రావణ మాసాల్లో, రాత్రి భోజనాలైన తర్వాత, మిర్యాలగూడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మేనల్లుడితో కలిసి చూశాను. ఐదు మళ్లీ చూడదగినవి. తొమ్మిది ఒక్కసారికి ఫరవాలేదనిపించాయి. పది మాత్రం కరెంటు దండుగ.

డైరెక్ట్-టు-వీడియో అంటే థియేటరు ముఖం చూడదని ముందే తెలిసి, నేరుగా వీడియో దుకాణాల కోసం తీసిన సినిమా. అమెరికాలో 1980ల్లో వీసీఆర్ ఇంటింటికీ చేరడంతో ఈ సరుకుకు గిరాకీ పుట్టింది. అద్దె దుకాణానికి వారం వారం కొత్త అట్టలు కావాలి, పెద్ద కంపెనీలు అన్ని సినిమాలు తీయలేవు, ఆ ఖాళీని చిన్న నిర్మాతలు నింపారు. దయ్యాల సినిమాలతో పాటు క్రైం థ్రిల్లర్లే ఇందులో ఎందుకు ఎక్కువంటే, వీటికి ఒక తుపాకీ, ఒక కారు, కొంత చీకటి ఉంటే పని జరుగుతుంది. యుద్ధం తీయాలంటే సైన్యం కావాలి, పెళ్లి తీయాలంటే భోజనాలైనా పెట్టాలి. చీకటికి అద్దె లేదు.

నేను జిల్లా కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరైన వాడిని. రోజూ హత్యకేసుల కాగితాల మధ్య బతికినవాడికి ఇంటికొచ్చి మళ్లీ హత్యలే చూడాలని ఎందుకనిపించిందని మా వాళ్లు అడుగుతుంటారు. కోర్టులో నేరం ఎప్పుడూ ముక్కలుగానే దొరుకుతుంది. ఈ వాయిదాకు ఒక సాక్షి, ఆరు నెలల తర్వాతి వాయిదాకు మరొక సాక్షి, నడుమ ఒక బదిలీ, ఒక సమ్మె, ఒక వరుస సెలవులు. మొదలు, నడుమ, ముగింపు ఒకే రాత్రి ఒకే చోట చూడగలిగిన నేరం నాకు ఈ తొంభై నిమిషాల సినిమాల్లోనే దొరికింది. అందువల్ల వీటి మీద నాకు కొంత పక్షపాతం ఉందని పాఠకులు ముందే గమనించాలి.

ఇక సరుకులోకి వస్తే, మొట్టమొదటి మోసం అట్ట దగ్గరే జరుగుతుంది. మా పెట్టెలోని 29 అట్టలను మంచం మీద పరిచి చూస్తే దాదాపు అన్నింటి మీదా ఒకే బొమ్మ కనిపించింది: ఒక పెద్ద ముఖం, ఆ ముఖం కింద తుపాకీ పట్టుకున్న ఒక చిన్న మనిషి, వెనుక తగలబడుతున్న నగరం. సినిమా పెట్టి చూస్తే నగరం ఉండదు, మంట ఉండదు, ఆ పెద్ద ముఖం మొత్తం మీద పన్నెండు నిమిషాలు కనిపించి, ఉన్నంతసేపూ ఒకే కుర్చీలో కూర్చొని ఫోనులో మాట్లాడుతుంది. కథంతా అట్ట మీద లేని ఎవరో ఒక కొత్త కుర్రాడు మోస్తాడు. ఇది ఒక్క సినిమాలో జరిగితే పొరపాటు అనుకోవచ్చు. మా పెట్టెలో తొమ్మిదింటిలో జరిగింది.

దీని వెనుక ఉన్న వ్యాపారం తెలిస్తే కోపం కొంత తగ్గుతుంది. ఇటువంటి సినిమాలు చాలావరకు తీయకముందే అమ్ముడవుతాయి. 1981లో మొదలైన అమెరికన్ ఫిలిం మార్కెట్ వంటి సంతల్లో, కేన్స్ ఉత్సవం పక్కనే నడిచే బజారులో, ఒక పోస్టరును, ఒక పేరును చూపించి దేశం తర్వాత దేశానికి హక్కులు అమ్ముకుంటారు. కొనేవాడికి కథతో పని లేదు, తన దేశంలో ఆ ముఖాన్ని గుర్తుపడతారా లేదా అన్నదే అతని ప్రశ్న. ఒకప్పుడు థియేటర్లను నింపిన నటుడిని రెండు మూడు రోజులకు మాట్లాడుకుని, ఆ రోజుల్లో అతను ఉండవలసిన సన్నివేశాలన్నీ ఒకే గదిలో గబగబా తీసేసి, మిగిలిన చోట్ల వెనుక నుంచి మరొక మనిషిని చూపించి పని కానిస్తారు. మన మిర్యాలగూడలో బియ్యం బస్తా మీద ముద్ర చూసి ధర కట్టే వ్యాపారి కూడా ఒకసారి బస్తాలోకి గొట్టం గుచ్చి నాలుగు గింజలు చేతిలో పోసుకుని చూస్తాడు. ఈ సంతలో గుచ్చి చూడటానికి బస్తాలో ఇంకా గింజే ఉండదు.

ఖర్చు తగ్గించుకోవడానికి వాళ్లు చేసే రెండో పని ఊరు మార్చడం. తొలి రోజుల్లోనే మా మేనల్లుడు ఒక సంగతి కనిపెట్టాడు. కొన్ని సినిమాల చివర, పేర్లన్నీ అయిపోయాక, ఒక పీచ్ పండు బొమ్మ వస్తుంది. అది అమెరికాలోని జార్జియా రాష్ట్రం ముద్ర. అక్కడ 2008 నాటి చట్టం ప్రకారం సినిమా ఖర్చులో 20 శాతం పన్ను రాయితీగా తిరిగి వస్తుంది, ఆ పండు బొమ్మను వేస్తే మరొక 10 శాతం కలుస్తుంది. కథ ఏ రాష్ట్రంలో జరిగినా చెట్లూ చేమలూ జార్జియావే కావడానికి కారణం అదే. మరికొన్ని సినిమాల్లో న్యూయార్కు వీధిగా చూపించేది బల్గేరియా రాజధాని సోఫియాలోని ఒక స్టూడియోలో కట్టిన సెట్టు. హైదరాబాదు వెళ్లేటప్పుడు నార్కట్‌పల్లి దాటి హైవే పట్టుకుని రామోజీ ఫిలింసిటీ మీదుగా ప్రయాణించే మనకు ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. ఆ గోడల వెనుక ఎన్ని రైల్వే స్టేషన్లు, ఎన్ని ఊళ్లు ఉన్నాయో బస్సులో కూర్చున్న వాళ్లకు బాగానే తెలుసు.

నా ఫిర్యాదు చవకదనం మీద కాదు, చవకదనాన్ని కప్పిపుచ్చబోయి పట్టుబడిపోవడం మీద. ఒక సినిమాలో కథానాయకుడు నీలం రంగు హెలికాప్టరు ఎక్కుతాడు. ఆకాశంలోకి లేచేసరికి అది నల్లగా మారుతుంది, బొమ్మ నాణ్యత కూడా మారుతుంది, ఎందుకంటే ఆ ముక్క మరెక్కడి నుంచో కొని తెచ్చి అతికించినది. పేలిపోయినప్పుడు తిరిగి నీలం ముక్కలు రాలుతాయి. మరొక సినిమాలో మా మేనల్లుడు బొమ్మను ఆపి, "మామా, గా ఎర్ర డబ్బా సూడు. దవాఖానల గదే, హోటల్ల గదే, ఇప్పుడు పోలీస్ స్టేషన్ల గదే" అన్నాడు. నిజమే. గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరు ఒకటి, దాని పక్కన పెచ్చులూడిన సున్నం మరక ఒకటి, మూడు భవనాల్లోనూ యథాతథంగా ఉన్నాయి. ఒకే వసారాకు బోర్డు మార్చి మూడు చోట్లుగా వాడుకున్నారు. ఆ సినిమాలో హంతకుడిని పట్టుకోవడానికి నాయకుడు చేసిన పరిశోధన కంటే మా వాడు చేసిందే మెరుగు. అది మొదలుకొని ప్రతి సినిమాలోనూ మేము ఎర్ర డబ్బాల కోసం వెతకసాగాము. పది వృథా సినిమాల్లో కనీసం నాలుగింటిని చివరిదాకా చూడగలిగింది ఆ వెతుకులాట వల్లనే.

నిడివి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అట్ట మీద తొంభై నిమిషాలని ఉంటుంది, సినిమా ఎనభై రెండు నిమిషాలకే ముగుస్తుంది. మిగిలిన ఎనిమిది నిమిషాలు పేర్లే. మన బతుకమ్మ పాట కంటే నెమ్మదిగా, ఒక్కొక్క పేరు తెర కింది నుంచి పైకి ఎక్కడానికి అరనిమిషం తీసుకుంటుంది. టీవీ చానళ్లకు, విదేశీ కొనుగోలుదారులకు ఇంత నిడివి ఉండాలన్న ఒప్పందం కోసం నిర్మాతలు ఈ పని చేస్తారు. పాలలో నీళ్లు కలిపినట్టే, కాకపోతే ఇక్కడ నీళ్లన్నీ అడుగునే ఉంటాయి కనుక పాలు తాగి గ్లాసు పెట్టేయవచ్చు.

ఇప్పుడు మంచి వాటి గురించి చెబుతాను. మళ్లీ చూడదగినవని చెప్పిన ఐదింటిలో ఒకటి పూర్తిగా ఒక కారులో జరుగుతుంది. అట్ట మీద మళ్లీ అదే తుపాకీ, అదే మంట; లోపల మాత్రం మంచు కురిసే రాత్రి, మూసేసిన పెట్రోలు బంకు ముందు ఆగిపోయిన ఒక పాత కారు, అందులో చెయ్యి విరిగిన ఒక ముసలి పోలీసు, బేడీలు వేసిన ఒక ముద్దాయి. తెల్లవారితే అతన్ని కోర్టులో హాజరుపరచాలి. ముద్దాయి తాను నిర్దోషినంటాడు, మనకూ అలాగే అనిపిస్తుంది, పోలీసుకూ అనిపించడం మొదలవుతుంది. ఆకలిగా ఉన్న పోలీసు కోటు జేబులోంచి నారింజ పండు తీస్తాడు కానీ ఒంటి చేత్తో వొలవలేడు. ముద్దాయి బేడీల చేతులు చాపి ఆ పండు తీసుకుని, బొటనవేలి గోటితో ఒక్కచోట గాటు పెట్టి, తొక్క తెగకుండా ఒకే పట్టీగా చుట్టూ తిప్పి వొలుస్తాడు. రెండు నిమిషాలపాటు కారు హీటరు చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. తొక్క మొత్తం ఊడి ఒడిలో పడ్డాక కెమెరా ఆ గోటి మీద ఒక్క క్షణం ఆగుతుంది. మొదటి సన్నివేశంలో శవాన్ని పరీక్షించిన డాక్టరు మెడ మీద ఉన్న గోటి గాటు గురించి ఒక్క మాట చెప్పి వదిలేశాడు. ముసలి పోలీసుకు అది గుర్తొచ్చిందో లేదో మనకు తెలియదు. అతను పండు తొన ఒకటి నోట్లో పెట్టుకుని, "తియ్యగా ఉంది" అంటాడు. ఎప్పుడూ ఒక కన్ను ఫోను మీదే ఉంచి చూసే మా మేనల్లుడు ఆ రెండు నిమిషాలు ఫోనును బోర్లించి మంచం మీద పెట్టాడు.

ఆ సన్నివేశానికి అయిన ఖర్చు ఒక నారింజ పండు. ఆ దర్శకుడి దగ్గర డబ్బుంటే ఆ చోట కచ్చితంగా కార్లు తరుముకునే సన్నివేశం పెట్టి ఉండేవాడని నేను పందెం కాయగలను. ఐదింటిలో మిగిలిన నాలుగు కూడా ఈ జాతివే. ఒకటి తాకట్టు దుకాణంలో ఒక రాత్రి, ఒకటి లిఫ్టులో, ఒకటి చెల్లెలి శవం పక్కన కూర్చున్న ఇద్దరు అన్నల మధ్య, మరొకటి దాదాపు అంతా టెలిఫోనులో. మనుషులను ఒక చోట కూర్చోబెట్టి మాట్లాడించక తప్పని పరిస్థితి వచ్చినప్పుడు రాసేవాడు తెలివి వాడవలసి వస్తుంది, నటించేవాడు ముఖం వాడవలసి వస్తుంది. వీటిలో ఒక్కదానిలోనూ అట్టల మీది పెద్ద ముఖాలు లేకపోవడం కూడా గమనించాను.

ఇదే మార్గంలో జపాను వాళ్లు చాలా దూరం వెళ్లారు. అక్కడి తోయే సంస్థ 1989లో వి-సినిమా అనే పేరుతో థియేటరుకు పోని నేరకథల వరుసను మొదలుపెట్టింది. తర్వాతి కాలంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న తకాషి మీకే, కియోషి కురొసావా వంటి దర్శకులు అటువంటి వీడియో సినిమాల్లో వరసగా పనిచేసి చెయ్యి తిప్పుకున్నారు. మా పెట్టెలో జపాను డిస్కు ఒక్కటి కూడా లేకపోవడం దుకాణదారు తప్పు కాదు, ఆ సరుకు నల్లగొండ దాకా రానే లేదు.

క్రైం కథలో చట్టం ఎలా ఉందో చూడటం నా వృత్తి వల్ల వచ్చిన రోగం. ఈ సినిమాల్లో పదింటికి ఏడు ముగిసేది ఒకే విధంగా: ఒక గది, ఒక బల్ల, ఎదురుగా పోలీసు, ముద్దాయి చివరికి ఏడ్చి ఒప్పుకుంటాడు, కథ కంచికి. అమెరికాలో అది చెల్లుతుంది. అక్కడి సుప్రీంకోర్టు 1966లో మిరాండా కేసులో చెప్పినట్టు, మౌనంగా ఉండే హక్కు, వకీలును పెట్టుకునే హక్కు ఉన్నాయని ముందుగా చెబితే, ఆ తర్వాత ముద్దాయి తనంతట తాను పోలీసులతో చెప్పింది కోర్టులో నిలుస్తుంది. మన దగ్గర ఆ ముగింపు మొదటి వాయిదాకే కూలిపోతుంది. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదని సాక్ష్యచట్టం 25వ సెక్షను బ్రిటిషు కాలం నుంచి చెబుతూ వచ్చింది; 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే మాట 23వ సెక్షనులో ఉంది. పోలీసుల అదుపులో ఉన్నవాడి ఒప్పుకోలు నిలవాలంటే మెజిస్ట్రేటు ముందు జరగాలి, లేదా ఆ మాటల వల్ల కత్తో, నగో, శవమో దొరికితే అంతవరకే పనికొస్తుంది. దొరికించినప్పుడు రాసిన పంచనామా మీద సంతకం పెట్టిన పంచులు కోర్టు బోనెక్కి "పోలీసోళ్లు పెట్టుమంటే పెట్టిన" అని ఎదురు తిరిగితే అది కూడా గాలికి పోవచ్చు. నేను చూసిన కేసుల్లో ఉత్కంఠ అంతా ఆ పంచు బోనులో నోరు తెరిచే ముందు క్షణంలోనే ఉండేది. ఒప్పుకోలు గదులు చూసి చూసి మన తెలుగు సినిమాల వాళ్లు కూడా వాటినే దింపుకుంటున్నారు కానీ, బోనెక్కిన పంచు ముఖాన్ని దగ్గరగా చూపించిన సినిమా మా పెట్టెలోనూ లేదు, బయటా నాకు తగల్లేదు. దానికి ఖర్చు కూడా కాదు.

పెట్టెలో ఎనిమిది సినిమాలు తెలుగులోకి డబ్బింగు అయినవి. వాటి గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ముగ్గురు నలుగురు గొంతులతో ముప్పై మంది పాత్రలకు మాటలు చెప్పించడాన్ని ఖర్చు కింద సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మరొకటి. అమెరికా పోలీసు అధికారి పుస్తకాల తెలుగు మాట్లాడతాడు, అతని భార్య గోదావరి యాసలో గోముగా మాట్లాడుతుంది, బ్యాంకు దోచే ముఠాలో మూడో రౌడీ నోరు తెరిస్తే మాత్రం మన నల్లగొండ మాట వస్తుంది. "ఏం రా, పైసలేడున్నయ్?" అని ఒక తెల్లవాడి నోట వినిపించగానే మా మేనల్లుడు నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. దొంగకూ తాగుబోతుకూ మన యాసను తగిలించడం తెలుగు సినిమాల్లో పాత అలవాటు. తెలంగాణ వచ్చాక తెర మీద అది తగ్గింది, కథానాయకులే మన మాట మాట్లాడుతున్నారు. పాత డిస్కుల్లో మాత్రం ఆ రోజులు అట్లాగే నిల్వ ఉన్నాయి. కొనేవాళ్లకు నా సలహా, తెలుగు ట్రాకు వదిలేసి ఇంగ్లీషులోనే చూడండి. డైలాగులు అంత తక్కువ కనుక అర్థం కాకపోవడమనే భయం అక్కర్లేదు.

ఒక విషయంలో నా అభిప్రాయం చూస్తుండగానే మారింది. అట్టల మీది పెద్ద ముఖాల్లో హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్ ముఖం కూడా ఉంది. నటించిన చివరి సంవత్సరాల్లో ఆయన ఇటువంటి చిన్న సినిమాల్లో వరసగా కనిపించారు. కుర్చీలో కూర్చొని పొడి మాటలతో ముగించే ఆ పాత్రలను చూసి లోకమంతా నవ్వింది. చెత్త సినిమాలకు బహుమతులిచ్చే అమెరికాలోని రాజీల వాళ్లు 2021లో వచ్చిన ఆయన ఎనిమిది సినిమాల కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. 2022 మార్చి చివర్లో ఆయన కుటుంబం, ఆయనకు మాటలను దెబ్బతీసే అఫేసియా అనే జబ్బు ఉందని, నటనకు స్వస్తి చెబుతున్నారని ప్రకటించడంతో రాజీల వాళ్లు ఆ విభాగాన్ని వెనక్కి తీసుకున్నారు. తర్వాతి సంవత్సరం అది మతిమరుపు జాతికి చెందిన మరింత పెద్ద జబ్బుగా తేలింది. ఆ వార్తలు అప్పుడే చదివినా నాకు పట్టలేదు. ఆయన సినిమా ఒకటి చూస్తూ, మాట కోసం తడుముకున్నట్టున్న ఒక చోట ఎప్పటిలా నవ్వబోయి ఆగిపోయాను. ఆ సినిమా జబ్బుకు ముందుదో తర్వాతదో డిస్కు మీది సంవత్సరం చూసి తేల్చుకునే ఓపిక కూడా ఆ రాత్రి లేకపోయింది. తొమ్మిది సినిమాల అట్టలను మోసమని తిట్టినప్పుడు ఆ తిట్టు ముఖానికి తగలకూడదు, ముఖాన్ని అమ్మినవాడికి తగలాలి.

వస్తువుగా డిస్కుల నాణ్యత గురించి రెండు మాటలు. వీసీడీ 1993 నాటి పద్ధతి. బొమ్మలో చుక్కలు డీవీడీలో ఉండేవాటిలో నాలుగో వంతే, ఒక్కో డిస్కులో పట్టేది 74 నిమిషాలు. అందువల్ల తొంభై నిమిషాల సినిమా రెండు డిస్కులకు వెళుతుంది, కథ ఎక్కడ తెగుతుందన్నది దేవుడి దయ. ఒకదానిలో హంతకుడు "నన్ను పంపింది..." అనగానే మొదటి డిస్కు ముగిసింది. లేచి డిస్కు మార్చి కూర్చునేలోగా కలిగిన ఆత్రుత ఆ సినిమా మొత్తం మీద దర్శకుడు కలిగించలేదు. పెద్ద టీవీ మీద వీసీడీ చూడకండి, ముఖాలు చదరాలు చదరాలుగా విడిపోతాయి. చిన్న తెర మీద, కొంచెం దూరంగా కూర్చొని చూస్తే చీకటి సన్నివేశాల్లో ఆ మసక కూడా ఒక వాతావరణంలా పనికొస్తుంది. గీతలు పడిన వాటిని పాత బనీను గుడ్డతో నడుమ నుంచి అంచుకు తుడిస్తే కొన్ని లేచి నడిచాయి, గుండ్రంగా తుడిస్తే ఉన్నవీ పోయాయి.

వీటి అసలు ధర ఏమిటని అడిగే వాళ్లకు: దాదాపు 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి దేశమంతటా అద్దె దుకాణాల నడుం విరిచింది. అద్దెకు తెచ్చి తిరిగి ఇవ్వడం కంటే కొనుక్కోవడమే నయమన్న రోజులవి. ఆ కంపెనీ 2018లో దివాలా తీసింది. ఆ లెక్కన నేను డిస్కుకు పెట్టిన దాదాపు తొమ్మిది రూపాయలు చవకేమీ కాదు.

ఇవాళ ఈ రకమంతా ఫోనులోకి వచ్చింది. 2020లో కరోనా వల్ల థియేటర్లు మూసినప్పటి నుంచి తెలుగులోనూ నేరుగా ఓటీటీకి వచ్చే చిన్న క్రైం కథలు వరదలా వస్తున్నాయి, వాటిలో మన పల్లెలు, మన పోలీస్ స్టేషన్లు, మన మాట చక్కగా కనిపిస్తున్నాయి. బొమ్మ నాణ్యతలో వాటికీ నా డిస్కులకూ పోలికే లేదు. వాటి మీద నాకున్న ఒకే ఒక అసంతృప్తి నిడివి. తొంభై నిమిషాల్లో తేలవలసిన హత్యను ఎనిమిది భాగాలు సాగదీస్తారు. ప్రతి భాగం చివర ఎవరో తలుపు కొడతారు, తర్వాతి భాగంలో తీస్తే పాలవాడు. నా పాత సినిమాల వాళ్లు నిడివిలో ఎనిమిది నిమిషాలే దొంగిలించారు, అది కూడా చివర్లో, చెప్పి మరీ.

కనుక ఎవరు కొనాలి? అట్ట చూసి సినిమా ఊహించుకునే వాళ్లు కొనవద్దు. ఇంట్లో పాత ప్లేయరు ఇంకా తిరుగుతూ, పక్కన కూర్చొని ఎర్ర డబ్బాలు వెతికే మేనల్లుడో మేనకోడలో ఉంటే తప్పక కొనండి. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికే అలవాటున్న వాళ్లు, ఏరుకునే ఆ ఓపికనే మూతపడే సీడీ దుకాణాల ముందూ చూపించవచ్చు. అట్ట తిప్పి వెనుక చూడండి. ముందు పెద్దగా ఉన్న ముఖం పేరు వెనుక వరుసలో మూడో నాలుగో చోట ఉంటే పెట్టేయండి. కథ ఒక రాత్రిలో, ఒక చోట జరుగుతుందని రెండు వాక్యాల్లో రాసి ఉంటే తీసుకోండి. ముఖ్యంగా, డబ్బాలు తెరిచి లోపలి డిస్కులు సరైనవేనా అని అక్కడికక్కడే చూసుకోండి, నేను ఆ పని చేయలేదు.

ఆ హనుమాన్ చాలీసా సంగతి అదే. ఒక చిన్న ఊరి చర్చిలో గంట కొట్టే మనిషి హత్య, అనుమానితులు ఐదుగురు, మొదటి డిస్కు ముగిసేసరికి ముగ్గురు మిగిలారు. రెండో డిస్కు పెడితే ఆంజనేయ స్వామి ప్రత్యక్షమయ్యాడు. దుకాణదారు ఇప్పుడు అదే సందులో సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నాడు, వెళ్లి అడిగితే తల గోక్కుని, "సార్, తారుమారైనట్టుంది. గా చాలీసా సీడీలు శాన అమ్మిన, ఎవరెవరు తీస్కపోయిన్రో యాదికి లేదు" అన్నాడు. కాబట్టి ఈ పట్టణంలో ఎవరి ఇంట్లోనో మంగళవారం పొద్దున దీపం పెట్టుకుని డిస్కు వేస్తే చర్చి గంటలు మోగే ప్రమాదం ఉంది. అటువంటిది మీకు జరిగి ఉంటే, కోపగించుకోకుండా కొంచెం చివరిదాకా చూసి, గంట కొట్టేవాడిని చంపింది పాస్టరు తమ్ముడా, పూలమ్మే ఆమెనా, లేక కుంటుతూ నడిచే ఆ పోస్టుమాస్టరా నాకు తెలియజేయండి. మా మేనల్లుడు పోస్టుమాస్టరంటాడు. నాకు మొదటి నుంచీ పూలావిడ మీదే అనుమానం. డిస్కు తిరిగి ఇస్తే బదులుగా మీ చాలీసా మీకు పంపిస్తాను, గీత కూడా పడలేదు.